హరికథకు గొంతే వేషము

మొన్నటి శ్రీరామనవమి దినములలో మా మిత్రులొకరు మాతోగూడ హరికథకు వచ్చి, అర్ధగంటయైన గడవకమున్నే లేచి, "కథ మంచిది, నీతియు మంచిది. కాని యీ రాగములును తాళములును గజ్జెలును ఎందులకు? చెప్పదలచిన మాట సూటిగా చెప్పిన చాలదా?" అని మమ్ముల నడిగిరి. వారు విద్యావంతులు. కుమార్తెలను పెద్దచదువులు చదివించినవారు. కట్నము ముట్టక కుమారునకు వివాహము చేసినవారు. అట్టివారి నోట వచ్చిన మాట గనుకనే మాకు బాధ కలిగినది. తెలియనివాడు పలికినచో నవ్వి యూరకుందుము. సంస్కారప్రియుడు పలికినపుడు బదులు చెప్పక తీరదు.

ఈ యభిప్రాయము వారి యొక్కరిది కాదు. మన చదువరులలో ననేకుల మనస్సులలో నిది స్థిరముగా నాటుకొనియున్నది. హరికథయనగా భక్తికథను చెప్పు ఉపన్యాసమనియు, దానికి పైపూతగా సంగీతము చేర్చిరనియు, పామరజనమును కూర్చుండబెట్టుటకై యా పూత యవసరమయ్యెననియు, చదువుకొన్నవారికి పూత యక్కరలేదనియు వీరి తలంపు. ఈ తలంపు కొంచెము తప్పు కాదు, మొదలంట తప్పు. దీనివలన నొక కళకును, ఆ కళను నమ్ముకొన్న కొందరు స్త్రీపురుషులకును కలుగుచున్న హాని చిన్నది కాదు గనుక ఈ నెల యీ పుటలను దానికే వినియోగించుచున్నాము.

తప్పు ఎచ్చట పుట్టినదో ముందుగా చూతము. ఇరువదవ శతాబ్ది తొలిభాగమున మన నాటకరంగమునకు సంగీతజాడ్యము పట్టియుండెను. యుద్ధరంగమున బాణము తగిలి పడిన వీరుడు పడియే పద్య మెత్తుకొని, చాలసేపు రాగము తీసి, ప్రేక్షకులు "వన్సుమోర్" అని కేకవేయగానే లేచి, దుమ్ము దులుపుకొని, ఆ పద్యమునే మరల పాడి మరల మరణించుచుండెనని పెద్దలు చెప్పుకొని నవ్వుదురు. ఈ వింతను సహింపనివారిలో బళ్లారి రాఘవ (1880–1946) అగ్రగణ్యుడు. వృత్తిచే న్యాయవాదియైన యాతడు, పద్యమును లాగి లాగి పాడుటకంటె భావమును పలికి చూపుటయే నటుని పనియని తన నటనచేతనే నిరూపించెను. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టెను. ఆ రెండు మాటలును న్యాయమైనవే. రెంటినిగూడ మేము శిరసావహించుచున్నాము.

కాని మనవా రేమి చేసిరి? నాటకమునకు చెప్పిన పథ్యమును హరికథకుగూడ పెట్టిరి. రాగము వచ్చినచోటనెల్ల నది జాడ్యమేయని నిశ్చయించుకొనిరి. నాటకమునకును హరికథకును గల యొక్క పెద్ద భేదమును వారు మరచిరి. నాటకమున హిరణ్యకశిపుడొకడు, ప్రహ్లాదుడింకొకడు, లీలావతి మరియొకతె. ముగ్గురికి మూడు దేహములు, మూడు వేషములు, మూడు గొంతులు. తెర తొలగగానే, నోరు తెరవకమునుపే, ఎవరెవరో మనకు తెలియును. హరికథలో నున్నది ఒక్క మనిషి. పట్టుపంచె, నడుమునకు బిగించిన యంగవస్త్రము, మెడలో పూలదండ, కాళ్లకు గజ్జెలు, చేత చిడతలు. స్త్రీయైనచో పట్టుచీర. అంతియే. కిరీటము లేదు, గడ్డము లేదు, గద లేదు, మార్చుకొనుటకు తెరచాటు లేదు. ఆ యొక్క దేహముననే తండ్రి రావలెను, కొడుకు రావలెను, తల్లి రావలెను, స్తంభమునుండి నరసింహుడును రావలెను. దేనితో వత్తురు? గొంతుతో వత్తురు. ఆ గొంతును ఒకరినుండి యొకరిగా మార్చు సాధనము సంగీతము.

కాబట్టి నాటకమున సంగీతము నగ. హరికథలో సంగీతము వస్త్రము. నగ తీసివేయుమని కోరుట మితవ్యయము. వస్త్రము తీసివేయుమని కోరుట మరియొకటి.

ఇది మాటల గారడి యని యెవరైన ననుకొందురేమో. మా బాల్యమున ఒక వృద్ధ హరిదాసు చెప్పగా విన్న ప్రహ్లాదచరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొని వివరింతుము. కథను నడుపునపు డాయన సాధారణ వచనమున, మధ్యమస్థాయిలో, తాళము లేక మాటాడెడివాడు. వెనుక తంబురా శ్రుతి యొక్కటియే. అది కథకుని గొంతు. దానికి మన చెవి యలవాటుపడును. హిరణ్యకశిపుడు కొడుకు నడుగు ఘట్టము రాగానే, వచనమును మధ్యలోనే త్రుంచి, తారస్థాయిలో అఠాణా రాగమున పద్య మెత్తుకొనెడివాడు. మాటలు విరుగుచుండెను. పాదము ముగియగానే మృదంగముమీద ఒక్క దెబ్బ. పాదపాదమునకు వేగము హెచ్చుచుండెను. ఇక ప్రహ్లాదుడు. నేర్పులేనివా డిచ్చట బాలుని గొంతుకై సన్నగా కీచుమనును, సభ నవ్వును, కథ చచ్చును. ఆ వృద్ధు డట్లు చేయలేదు. స్థాయిని హెచ్చింపలేదు. ధ్వనిని మాత్రము సగమునకు తగ్గించెను. గమకములు తీసివేసి, స్వరములను తిన్నగా, పిల్లవాడు పలకమీద గీతలు గీచినట్లు, ఒకదాని తరువాత నొకటిగా పలికెను. మృదంగము నాపించెను. అన్నిటికంటె ముఖ్యముగా, తండ్రి పద్యము పోవుకొలది వేగము హెచ్చుచుండ, కొడుకు సమాధానము ప్రతిసారియు నదే నడకలో వచ్చెను. బాలునికి భయము లేదని కథకుడు ఒక్కమాటతోనైన చెప్పలేదు. నడక మారకుండుటయే నిర్భయత్వమని పదేండ్ల పిల్లలమైన మాకే తెలిసినది.

తల్లి లీలావతికి ఆయన పద్యమే ఈయలేదు. ఒక్క పిలుపు, దాని కొసను ముఖారి ఛాయ, అంతలో గొంతు ఆగుట. ఫిడేలువాడు ఆ ఛాయనే పట్టుకొని రెండు క్షణములు నిలిపెను. ఆ నిలిపినంతసేపును సభలోని స్త్రీలు కన్నీరు తుడుచుకొనుచుండిరి. తరువాత, తండ్రి స్తంభమును చూపి యడిగినపిమ్మట, మృదంగము లేదు, ఫిడేలు లేదు, చిడతలు లేవు, గజ్జెలు లేవు. శ్రుతి యొక్కటియే. ఆ నిశ్శబ్దమెంతసేపో చెప్పజాలము. రెండు మూడు క్షణములకంటె నెక్కువ యుండదు. నరసింహుని గర్జన తరువాత వచ్చినది గాని, భయము మాకు ముందే వచ్చినది.

ఇప్పుడు మా మిత్రులు కోరినట్లు దీనిని సూటిగా చెప్పుదము. "తండ్రి యిట్లనెను. కొడుకు అట్లనెను. తల్లి దుఃఖించెను." మన భాషలో ఒకరి మాటను వేరొకరు చెప్పునపుడు "అని" యను రెండక్షరములు లేక పని జరుగదు. ఉపన్యాసకుడు ప్రతివాక్యమునకు "అని", "అనెను", "అనగా" అను మెట్లెక్కి దిగవలసినదే. హరిదాసు రాగ మెత్తుకొనగానే ఆ "అని" మాయమగును. ఇక చెప్పువాడు లేడు, పలుకువాడే యున్నాడు. కథ వినిపించుటకును, కథను కండ్లయెదుట జరిపించుటకును గల భేదము ఆ రెండక్షరములలో నున్నది. వ్యాకరణము చేయు పనిని సంగీతము తన తలకెత్తుకొనుచున్నది. పైపూత యెక్కడిది?

ఈ కళ యట్టిదని మొట్టమొదట మన యాంధ్రులకు చూపినవాడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు (1864–1945). మహారాష్ట్రుల కీర్తనపద్ధతి తంజావూరునకు వచ్చి, అచ్చటి దక్షిణసంగీతముతో గలిసి, తంజావూరు కృష్ణభాగవతారు వంటివారి చేతులలో రూపుదిద్దుకొన్న సంగతి సంగీతప్రియులకు తెలిసినదే. తెలుగు హరికథకు మాత్రము విజయనగరమే పుట్టిల్లు. నారాయణదాసు కవి, గాయకుడు, నర్తకుడు. ముగ్గురును ఒక్కరే యగుటచేతనే ఆయనకది సాధ్యమయ్యెను. 1919లో విజయనగరమున సంగీతపాఠశాల నెలకొల్పబడగా ఆయన దానికి ప్రథమాధ్యక్షుడయ్యెను. ఫిడేలు నేర్పుటకు ద్వారం వేంకటస్వామినాయుడు ఆ పాఠశాలకే వచ్చెను. తొంబది రాగములలో కీర్తనమంజరి కూర్చినవాడు, ఐదు తాళములను ఏకకాలమున శరీరమున చూపినవాడు అని దాసుగారిని గూర్చి మనవారు పొంగిపోవుదురు. పొంగవలసినదే. ఐనను ఆ ప్రశంసయే ఆయన తరువాతివారిలో కొందరిని చెరచినదని చెప్పుటకు మేము వెనుదీయము. వారు దాసుగారి తాళములను లెక్కించుకొనిరి గాని, ఆ తాళములు ఎవని నడకకై పుట్టినవో యడుగలేదు.

అందుచేత మా పోరాటము ఒక్క మిత్రునితోనే కాదు. ఇటు తిరిగి హరిదాసులతోను రెండు మాటలు చెప్పవలసియున్నది. అశోకవనమున సీత ఏడ్చుచుండగా స్వరకల్పన ప్రారంభించి, మృదంగవాద్యకునితో పోటీపడి, తుదకు అతనికి తని విడిచిపెట్టి, తాను మంచినీరు త్రాగుచు కూర్చున్న విద్వాంసుని మేము కన్నులార చూచితిమి. పావుగంట గడచిన తరువాత సీత యింకను ఏడ్చుచున్నదని ఆయనకే జ్ఞప్తి వచ్చి వచన మందుకొనెను. సభ చప్పట్లు కొట్టినది. ఆ చప్పట్లు సీతకు కావు. రాగము పాత్రకు లోబడవలెను. రాగమునకు పాత్ర లోబడినచో అది కచేరీ. కచేరీకి మేమును డబ్బిచ్చి పోవుదుము, కాని దానిని హరికథయని చెప్పి మమ్ము పిలువవలదు. మా మిత్రునివంటివారికి సంగీతము పైపూతయను భ్రమ కలుగుట కిట్టి విద్వాంసులే కారణమని మేము నిష్కర్షగా చెప్పుచున్నాము.

బుర్రకథను చూడుడు. అచ్చట ముగ్గురు. కథకునికి ఇరువైపుల వంతలు. ఒకడు హాస్యమాడును, ఒకడు లోకవృత్తము మాటాడును, ఇద్దరును "తందాన" యందుకొనినపుడు కథకునికి ఊపిరి తిరుగును. హరికథకుని కా భాగ్యము లేదు. అతనికి ఊపిరినిచ్చునదిగూడ సంగీతమే. పల్లవిని ఫిడేలు మరల పలుకునపుడే అతడు రొమ్మునిండ గాలి పీల్చుకొనును. వచనమునుండి పద్యమునకు, పద్యమునుండి దరువునకు మారుటవలననే గొంతునకు విశ్రాంతి. మూడు గంటలు ఏకధాటిగా ఉపన్యసించి చూడుడు, గొంతు రాసిపోవును. గాయకుని గొంతు నిలుచుట, స్థానము మార్చుకొనుచుండుటచేత.

ఇక మైకు సంగతి. మేము పూర్వాచారపరాయణులము కాము. మైకును దూషించుట మా యుద్దేశము కాదు. మైకు లేని దినములలో వేలజనమునకు వినబడవలెనని గాయకులు శ్రుతిని మిక్కిలి హెచ్చించుకొని, బిగ్గరగా పాడి, మంద్రస్థాయిని దాదాపుగా వదలుకొనిరి. గుసగుస, నిట్టూర్పు, పసివాని మాట ముందువరుసలు దాటకుండెను. మైకు వచ్చి ఆ మంద్రమును మరల మన కిచ్చినది. అది మేలు. ఆ మేలును మనము ఏమి చేసికొనుచున్నామో చూడుడు.

కొలది సంవత్సరముల క్రిందట గోదావరీతీరమున నొక పట్టణమున నవరాత్రులలో ఒక యువతి హరికథ చెప్పెను. ఊరిపేరును ఉత్సవసంఘము పేరును చెప్పము. ఆమె సావిత్రి కథ చెప్పదలచి వచ్చినది. "అర్ధగంటలో ముగింపుడు, తరువాత నృత్యకార్యక్రమము కలదు" అని వేదిక యెక్కుచుండగా చెప్పిరి. ఆమె చేతికొక మైకు నిచ్చిరి. చదువరులు దీనిని తేలికగా తీసికొనవలదు. ఆమెకు రెండు చేతులు. ఒకదానిలో చిడతలు. రెండవది అభినయమునకు, యముని పాశమును సావిత్రి వేడికోలును పట్టవలసిన చేయి అదియే. ఆ చేతిలో ఇనుపకడ్డీ పెట్టిరి. వలదనగా కొయ్యవలె నిలుచు స్టాండునకు దానిని తగిలించిరి. ఇప్పుడు చేయి విడిపడినది గాని కాలు బందీయైనది. రెండడుగులు వేసినచో గొంతు మాయము. గజ్జెలు కట్టుకొని వచ్చిన మనిషి గజ్జెలు కదలకుండ నిలువవలసి వచ్చెను.

అంతటితో పోలేదు. యంత్రములవద్ద కూర్చున్న బాలుడు ప్రతి మాటను గుహలో పలికినట్లు మ్రోగించు ఏర్పాటును పూర్తిగా త్రిప్పివేసెను. పద్యమున ప్రాసాక్షరము చెవికి చేరులోపల ముందటి యక్షరపు ప్రతిధ్వని వచ్చి దానిపై బడుచుండెను. యముడు పలికినను గుహయే, సావిత్రి పలికినను గుహయే. ఆమె ధ్వని తగ్గించినపుడెల్ల ఆ బాలుడు, యంత్రము చెడినదనుకొని కాబోలు, హెచ్చించెను. ధ్వని పెంచినపుడెల్ల చెవులు మూసికొని తగ్గించెను. ఆమె యెంతో శ్రమపడి కట్టిన యెత్తుపల్లములన్నియు నొక్కటిగా చదునైపోయెను. పోయినవి యలంకారములు కావు, పాత్రలు. చివరకు యమధర్మరాజును సావిత్రియు నొక్కటే గొంతుతో వాదించుకొనిరి.

కథ సగమున నుండగా విద్యుత్తు పోయినది. ఆమె ఆగలేదు. ఒక్క క్షణము శ్రుతి చూచుకొని, స్టాండును ప్రక్కకు త్రోసి, ముందునకు వచ్చి, చీకటిలోనే సావిత్రి మాట నెత్తుకొన్నది. అప్పుడు మొదటిసారిగా గజ్జెలు వింటిమి. యముడు దూరముగా పోవుచుండ ఆమె వెంట నడచిన యడుగులు వింటిమి. సత్యము చెప్పవలెనన్న, వెనుకవరుసలవారికి ఏమియు వినబడలేదు. వారు లేచి మిఠాయి దుకాణములవైపు పోయిరి. ముందున్న నూరుమందిమి మాత్రము కదలలేదు. సంఘాధ్యక్షుడు జనరేటరుకొరకు కేకలు వేయుచు మా నడుమనుండియే మూడుమారులు నడచిపోయెను. దీపములు వెలుగగానే మరల గుహ వచ్చినది.

ఆ సభలో వాద్యముగా నున్నది కీబోర్డు. హరికథకు హార్మోనియ మలవాటైన సంగతి మే మెరుగుదుము. 1940లో ఆకాశవాణి హార్మోనియమును తన కేంద్రములనుండి బహిష్కరించి, 1971వరకు ఆ నిషేధమును సడలింపకుండుట మితిమీరిన శిక్షయే. ఐనను వారి మాటలో నిజము లేకపోలేదు. మెట్టు మెట్టుగా స్వరము పలుకు పెట్టె, ఒక స్వరమునుండి మరియొక స్వరమునకు జారిపోవు గమకమును పట్టజాలదు. ముఖారిలో ఆ జారుటయే దుఃఖము. హార్మోనియమువా డెరిగినవాడైనచో శ్రుతి పట్టి యూరకుండును. దోషము సగము తగ్గును. కీబోర్డులో దాగిన తాళయంత్రమున కా వివేకముకూడ లేదు. మీట నొక్కగానే అది మొదలుపెట్టును, మరల నొక్కువరకు నాపదు. కథకురాలు విసిగి, తడబడి, మౌనము వహించినను అది కొట్టుచునే యుండును. స్తంభము పగులుటకు ముందు ఊరకుండ నేర్చిన మృదంగవాద్యకుని కూలి మిగుల్చుకొని, ఊరకుండ నేరని పెట్టెను తెచ్చుకొంటిమి. సినిమాపాటల వరుసలలో మంగళము పాడుమని అడుగుటయు నా దినముననే వింటిమి. సినిమాపాటపై మాకు ద్వేషము లేదు. కాని అందరెరిగిన వరుస వినగానే ప్రేక్షకుని మనస్సు ఆ సినిమాలోని నటునివద్దకు పోవును. వేదికమీద ఒంటరిగా నిలిచిన సావిత్రివద్ద నుండదు.

ఇచ్చట సంస్కారప్రియుల నొక మాట అడుగవలెను. స్త్రీ నలుగురియెదుట పాడుట మన యిండ్లలో ఎంతకాలము నిందాస్పదమై యుండెనో మీరెరుగుదురు. దేవదాసీల సమర్పణమును నిషేధించిన 1947వ సంవత్సరపు మదరాసు శాసనము న్యాయమైనది. బాలికలను దేవాలయములకు కట్టివేయుట తొలగవలసిన దురాచారమే. కాని దురాచారముతోపాటు పాడు స్త్రీ గొంతుమీదనే మనము అనుమానమును పెంచుకొంటిమి. ఆ అనుమానమును ఎదిరించి నిలిచినవారిలో హరికథకురాండ్రు ముందువరుసవారు. మదరాసులో సి. సరస్వతీబాయి బ్రాహ్మణస్త్రీయై యుండి హరికథ చెప్పబూనినపుడు విద్వాంసులే యడ్డుపడిరి, ఆమె వెనుదిరుగలేదు. 1973లో గోదావరీతీరపు కపిలేశ్వరపురమున శ్రీ సర్వరాయ హరికథాపాఠశాల వెలసినది. అచ్చట నేర్చినవారిలో బాలికలే హెచ్చు. 2024లో హరికథాగానమునకై డి. ఉమామహేశ్వరిగారికి పద్మశ్రీ బిరుదము లభించినపుడు మనమందరము సంతోషించితిమి. పత్రికలలో బొమ్మ చూచి సంతోషించుట సులభము. ఆమె మార్గముననే నడచుచున్న గ్రామపు బాలికకు అర్ధగంటయు, గుహయు, ఇనుపకడ్డీయు నిచ్చుట మన సంతోషమునకు తగిన పనియేనా?

"ఆడది హిరణ్యకశిపుడగునా? ఆ సన్నని గొంతుతో గర్జన యేమి?" అని నవ్వువారిని మేము విన్నాము. దీనికి బదులు పైననే యున్నది. మగగొంతు ననుకరించి బొంగురుగా అరచునట్టి యువతి నవ్వులపాలగును, నిజమే. కీచుమనిన పురుషుడు ప్రహ్లాదుని విషయమున నవ్వులపాలైనట్లే. హరికథలో పురుషత్వము గొంతు లావులో లేదు. పద్యపు విరుపులో, వేగపు హెచ్చులో, దెబ్బపడు చోటులో నున్నది. నేర్చిన స్త్రీ తన శ్రుతిలోనే నిలిచి హిరణ్యకశిపుని తెచ్చును. ఐతే తోడి వాద్యకులు ఆమె శ్రుతిని మన్నింపవలెను. తమ చేతివాటమునకై ఆమెను ఒక మెట్టు దిగుమని యడిగిన వాద్యకుల మేము చూచితిమి. పురుషుని నట్లడుగగా ఒక్కమారైన చూడలేదు.

"మీరు చెప్పున దంతయు సరియే, కాని కాలము మారినది. ఒక్కటే మనిషిని మూడు గంటలు చూచు నోపిక యెవరికున్నది?" అందురు. మూడు గంటల సినిమాకును, ఆరు గంటల క్రికెట్టునకును ఓపిక గలవారే ఈ మాట యందురు. ఓపిక లేకపోవుట కాదు. ఏ పాత్ర యెవరిదో తెలియని గందరగోళమును అర్ధగంటకంటె నెక్కువ ఎవరు సహింపగలరు? మేమును సహింపలేము. గొంతు చెడగొట్టి, వాద్యము చెడగొట్టి, కాలము కుదించి, తరువాత "ఈ కళకు జనము లేరు" అని లెక్క చూపుట, పైరునకు నీరు కట్టివేసి పంట పండలేదని రైతును నిందించుటవంటిది.

ఉత్సవసంఘములవారు తలచినచో ఒక్క పైసా యెక్కువ వ్యయము లేకయే దీనిని సరిచేయవచ్చును. ఆ ప్రతిధ్వని మీటను హరికథ ముగియువరకు ముట్టవలదు. చేతిమైకునకు బదులు తలకు తగిలించునదియో, వేదికయెదుట దూరముగా పెట్టునదియో యుండవలెను. గజ్జెలకు నేలదగ్గర నింకొకటి. యంత్రమువద్ద కూర్చుండు బాలుడు ముందుదినము కథ నొకసారి వినవలెను, ఎచ్చట తగ్గించుటయే కథయో అతనికి తెలియును. కీబోర్డు తాళము వలదు, మృదంగవాద్యకుడు కావలెను. ఇవి పెద్ద కోరికలు కావు. ఆ నవరాత్రులలో శబ్దయంత్రములకిచ్చిన సొమ్ములో సగమైన ఆ యువతికిని ఆమె వాద్యకులకును ముట్టలేదని తరువాత తెలిసినది. అది వేరొక వ్యాసమునకు తగిన విషయము.

సంఘములు వినకున్నచో మన యిండ్లున్నవి. నూరుమంది కూర్చుండుటకు పెద్ద మండువా, లేక పైకప్పు వేసిన మిద్దె చాలును. అంతమందికి మైకే యక్కరలేదు. పెండ్లిండ్లకు లక్షలు పోయుచున్నవారు ఒక గృహప్రవేశమునకైన ఒక హరికథకురాలిని పిలిచి, ఆమె యడిగిన శ్రుతిలో, ఆమె యడిగినంతసేపు చెప్పనిండు.

మేము వచ్చు మాసమున మా యింట నట్లే ఏర్పాటు చేసితిమి. ప్రహ్లాదచరిత్ర, చెప్పునది ఆ యువతియే, తోడు మృదంగము, ఫిడేలు, తంబురా. మా మిత్రుని గూడ ఆహ్వానించితిమి. ఆయన ఆహ్వానమును సాదరముగా స్వీకరించి, "ఎంతసేపు?" అని యడిగిరి. మూడు గంటలంటిమి. ఆయన గడియారమువైపు చూచి, వత్తుననియు, ద్వారమునకు దగ్గరగా కుర్చీ వేయుడనియు చెప్పిరి. కుర్చీని మొదటివరుసలో వేయించితిమి.